రేకు చూసి కారు కొనాలి

పాత కారు ఒకటి ఉంది, వచ్చి చూసి చెప్పండి అని ఎవరైనా పిలిస్తే నేను సంచీలో వేసుకునేవి కొద్దిపాటి సామాన్లే. మెత్తటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం, మొన అరిగిన స్క్రూడ్రైవరు, టార్చిలైటు, జాకీ, కారు కింద పరుచుకుని దూరడానికి ఒక గోనెపట్టా. బ్యాటరీ మాత్రం తీసుకెళ్ళను. అది చూసి పిలిచినవాళ్ళు నిరుత్సాహపడతారు. "మేస్త్రీ గారూ, బండి స్టార్టవుతుందో లేదో చూడరా?" అంటారు. చూస్తాను, అన్నిటికంటే చివర. ముందు రేకు, తరవాత కాగితాలు. ఆ రెండూ బాగుంటే ఇంజిన్ ఏళ్ళ తరబడి బిగుసుకుపోయి ఉన్నా కొనమనే చెబుతాను. ఆ రెండూ పాడైతే, తాళం తిప్పగానే ఇంజిన్ అందుకున్నా వద్దంటాను.

మాది విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డు. మా నాన్న సుత్తి పట్టుకుని లారీ క్యాబిన్లకీ కార్లకీ సొట్టలు తీస్తుంటే పక్కన కూర్చుని నేర్చుకున్న పని. ఇప్పటి కార్లకి దెబ్బ తగిలితే బంపరు విప్పి కొత్తది బిగించడమే ఎక్కువ. పాత ఫియట్టో అంబాసిడరో వస్తేనే చేతికి అసలైన పని దొరుకుతుంది. ఈమధ్య అవి బాగానే వస్తున్నాయి. తాతగారి కారని కొందరు, ఫోన్లో ఫొటో చూసి ముచ్చటపడి కొందరు తెస్తున్నారు. వాళ్ళలో ఎక్కువమంది డబ్బు ఇచ్చేశాక నా దగ్గరికి వస్తారు. ఆ పని ఒక్క పూట ముందు చేసి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. ఇది రాయడం అందుకే.

చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ లాంటి వాటి గురించి నేను చెప్పడం లేదు. మన ఊళ్ళ కొట్టాల్లో, వసారాల్లో, రైసు మిల్లుల వెనక దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ చేసిన ఫియట్ మొదటిది. 1964 నుంచి ఫియట్ 1100 డిలైట్‌గా, 1974 నుంచి ప్రీమియర్ పద్మినిగా, ఇంచుమించు అదే రూపంలో 2000 సంవత్సరం ప్రాంతం దాకా వచ్చింది. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ చేసిన అంబాసిడర్ రెండోది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1957లో మొదలై 2014లో ఆగింది. మూడోది అరుదు. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి తయారుచేసిన హెరాల్డ్ అది. బానెట్టూ ముందు ఫెండర్లూ కలిసి ఒకే ముక్కగా ముందుకి లేస్తాయి.

ఈ మూడింటికీ లోపల ఒక పెద్ద తేడా ఉంది. హెరాల్డ్‌కి కింద విడిగా చాసిస్ ఉంటుంది, దాని మీద బాడీ ముక్కలు బోల్టులతో బిగించి ఉంటాయి. పద్మినికీ అంబాసిడర్‌కీ లారీకి ఉన్నట్టు విడి చాసిస్ లేదు. బాడీయే బండి బరువంతా మోస్తుంది. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పొడుగ్గా, లోపల గుల్లగా ఉండే భాగాన్ని మేం ఫుట్‌బోర్డు అంటాం. చూసేవాళ్ళకి అది కాలు పెట్టే అంచులా కనిపిస్తుంది గానీ పద్మినికి వెన్నెముక అదే. దాని లోపల నీరు చేరితే బయటికి పోయే దారి తక్కువ. పైన రంగు నిగనిగలాడుతున్నా లోపల్నుంచి తినేస్తుంది.

కాబట్టి కారు ఎలా ఉంది అని అడిగే ముందు అది ఇన్నాళ్ళూ ఎక్కడ ఉంది అని అడగాలి. బందరు, కాకినాడ, భీమిలి వైపు సముద్రపు గాలి తగిలే ఇంట్లో ఇరవై ఏళ్ళు నిలబడ్డ కారుకీ, ఆదోని, అనంతపురం వైపు ఎండకి ఎండిన కారుకీ పోలికే లేదు. ఇనుముకి నీరూ గాలీ కలిస్తే తుప్పు పుడుతుంది. గాలిలో ఉప్పు ఉంటే అది ఇంకా తొందరగా పాకుతుంది. పైగా తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. రెండు రేకులు కలిపి అతికిన చోట అది ఉబ్బి, అతుకుని విడదీస్తుంది. రంగు మీద చిన్న చిన్న పొక్కులు కనిపిస్తే లోపలి వైపు పని అప్పటికే చాలా దూరం పోయిందని అర్థం. ఆదోని వైపు నుంచి వచ్చిన ఒక అంబాసిడర్ ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంటుంది. పైరంగు సున్నంలా తెల్లబడిపోయింది, సీట్లు చిరిగి పీచు బయటపడింది, అద్దాల చుట్టూ రబ్బరు ముక్కలైపోయింది. చూసినవాళ్ళంతా తుక్కు అన్నారు. మ్యాట్లు ఎత్తి చూస్తే కింద ఫ్లోరు మీద కంపెనీ వేసిన రంగు అలాగే ఉంది. వెంటనే బేరం చేసుకోమని చెప్పాను.

గొడ్ల చావిట్లో పెట్టిన కారు నీడపట్టున ఉందని సంతోషించకండి. తడి నేల, పశువుల మూత్రం, గడ్డి నుంచి వచ్చే చెమ్మ అన్నీ కింది రేకుకి శత్రువులే. టార్పాలిన్ కప్పి కట్టేసిన కారు ఇంకా ప్రమాదం, లోపలి చెమ్మ బయటికి పోదు. వేప చెట్టు కిందో చింత చెట్టు కిందో పెట్టిన కారుకి ముందు అద్దం కింద గాలి వెళ్ళే జాలీలో ఆకులు నిండిపోతాయి. వాననీరు పోయే దారి మూసుకుపోయి డాష్‌బోర్డు కిందికి దిగుతుంది, అక్కణ్ణుంచి కాళ్ళు పెట్టుకునే చోట నిలుస్తుంది. చక్రాలు నేలకి ఆనకుండా రాళ్ళ మీదో దుంగల మీదో ఎత్తిపెట్టిన కారు కనిపిస్తే మాత్రం నాకు ఆశ పుడుతుంది. ఆ ఇంట్లో ఎవరో దాన్ని మళ్ళీ నడపాలనే ఉద్దేశంతోనే ఆపారన్నమాట.

ఇక చూడటం. పొద్దున పూట, పొడి కారుని చూడండి. తడిసిన కారు రంగు ఎంత వెలిసినా మెరుస్తుంది. ముందు కొంచెం దూరంగా, వెనక మూల నుంచి నిలబడి పక్క రేకుల మీదుగా చూపు సాగనివ్వాలి. రేకు సాఫీగా ఉంటే ఎదురుగోడ నీడ దాని మీద వంకర లేకుండా పడుతుంది. అలలు అలలుగా కనిపిస్తే పుట్టీ ఉందన్నమాట. తరవాత వేలి ముడితో తడుతూ పోవాలి. సంతలో కుండ కొనేవాళ్ళు తట్టి చూసినట్టే. మంచి రేకు ఖంగుమంటుంది, పుట్టీ ఉన్న చోట మొద్దుగా బద్దుమంటుంది. అనుమానం వచ్చిన చోట గుడ్డలో చుట్టిన అయస్కాంతం ఆనించాలి. పుట్టీ మందంగా ఉంటే పట్టుకోదు, జారిపోతుంది. మరీ బలమైన అయస్కాంతం వద్దు, పల్చటి పుట్టీ మీది నుంచి కూడా అది లాగేస్తుంది. ఫ్రిజ్ తలుపుకి అంటించుకునేది చాలు. పుట్టీ ఉన్నంత మాత్రాన కారు చెడ్డదని కాదు. సొట్ట తీశాక పల్చగా పుట్టీ పెట్టని టింకరింగ్ ఉండదు. చక్రాల పైన వంపు మొత్తం, తలుపు అడుగు మొత్తం అయస్కాంతం పట్టకపోతే మాత్రం అక్కడ రేకు లేదు, దాని బొమ్మ మాత్రమే ఉంది.

అప్పుడు లోపలికి. మ్యాట్లన్నీ తీయించండి. అమ్మేవారు మొహమాటపెట్టినా సరే. డ్రైవరు మడమ ఆనే చోటు, వెనక సీటు కింద, డిక్కీలో స్టెప్నీ పడుకునే గుంట, బ్యాటరీ పెట్టే పళ్ళెం. బ్యాటరీ నీళ్ళు ఒలికి ఆసిడ్ ఆ పళ్ళేన్ని తినేసి ఉంటుంది. అది చిన్న ముక్క, అతకొచ్చు, భయపడక్కర్లేదు. తలుపులు తెరిచి అడుగు అంచుని వేళ్ళతో తడమండి, నీళ్ళు కారడానికి వదిలిన చిల్లులు మట్టితో పూడుకుపోయాయేమో చూడండి. కారు కింద దూరి ఫుట్‌బోర్డుని స్క్రూడ్రైవరు మొనతో నెమ్మదిగా నొక్కాలి. ముందే యజమాని అనుమతి అడగాలి, అది మర్యాద. గట్టిగా ఉంటే టక్కుమని ఆగుతుంది, కుళ్ళితే లోపలికి దిగుతుంది. నాకు అన్నిటికన్నా భయం వేసే చోటు వెనక కమాన్ కట్టలు బాడీకి తగిలించే స్థలం. అక్కడ రేకు పల్చబడిందంటే నడుస్తుండగా చక్రం ఒరిగిపోయే ప్రమాదం ఉంది. బయటికి కనిపించే వంద సొట్టలకన్నా ఆ ఒక్క చోటే నాకు ముఖ్యం.

చివరగా ఒక పరీక్ష ఉంది, పద్మినికి తప్పకుండా చేయాలి. నాలుగు తలుపులూ మూసి, తలుపుకీ బాడీకీ మధ్య సందు పైనా కిందా ఒకేలా ఉందో లేదో చూడండి. తరవాత ఒక పక్క మధ్యలో, గట్టి చోటు చూసుకుని, చెక్క అడ్డం పెట్టి జాకీతో కొంచెం ఎత్తండి. అలా ఎత్తి ఉండగా ఆ పక్క తలుపు తెరిచి మూయండి. మామూలుగా పడితే వెన్ను గట్టిగా ఉంది. పట్టేసినా, సందు వెడల్పు మారినా బాడీ నడుం దగ్గర వంగుతోందన్నమాట. జాకీ కింద రేకు కరకరమని నలిగితే ఇక ఎత్తకండి, దించేసి థాంక్స్ చెప్పి వచ్చేయండి. జాకీ మీద ఉన్న కారు కిందికి మాత్రం ఎవర్నీ పోనివ్వకండి.

మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఎన్ని బళ్ళు నీళ్ళలో ఉండిపోయాయో ఇక్కడివాళ్ళకి తెలుసు. కడిగి, రంగు వేసి అమ్మితే పైకి ఏమీ కనపడదు. హెడ్‌లైటు అద్దం లోపల మట్టి చార, తలుపు లోపలి అట్ట తీస్తే దాని వెనక ఒండ్రు, సీటు జరిగే పట్టీల సందుల్లో ఎండిన బురద, ఇవి కడుక్కోవడం ఎవరికీ సాధ్యం కాదు. కృష్ణా, గోదావరి డెల్టాలో ఎక్కడ పాత కారు కొన్నా ఈ మూడు చోట్లూ చూడండి.

ఇంజిన్ గురించి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ నష్టపోయేవాళ్ళు తక్కువ. పద్మిని 1089 సీసీ ఇంజిన్ గానీ అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్ గానీ కళ్ళు మూసుకుని విప్పగల మెకానిక్కులు ఇంకా ఉన్నారు. బోరు చేయించి పిస్టన్లు మార్చుకోవచ్చు. ఆయిల్ పుల్ల తీసి చూస్తే నల్లగా ఉంటే ఫరవాలేదు, పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీళ్ళు వెళ్ళాయి. బిగుసుకుపోయిన ఇంజిన్‌కి సెల్ఫ్ కొట్టకూడదు, తాడు కట్టి లాగించకూడదు. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో కాస్త ఆయిలూ డీజిలూ కలిపి పోసి, నాలుగు రోజులు వదిలేసి, క్రాంకు పుల్లీ నట్టుకి పానా పెట్టి చేత్తో అటూ ఇటూ మెల్లగా కదపాలి. చాలావరకు వదులుతాయి. వదలకపోతే ఫుల్ ఇంజిన్ పని. ఆ ఖర్చు ముందే లెక్కకి అందుతుంది. రేకు ఖర్చు అలా అందదు. రంగు గీకేదాకా ఎంత పోయిందో నాకూ తెలియదు. అందుకే టింకరింగ్‌కి నేను ఎంత చెప్పినా దానికి సగం కలిపి పక్కన పెట్టుకోమంటాను.

చిన్న సామాను మరిచిపోతారు. పద్మిని గ్రిల్లు, బంపర్లు, చక్రాల మూతలు, ముందు తలుపుల్లో ఉండే ముక్కోణపు అద్దాలు, వెనక లైట్ల ఎర్ర అద్దాలు, పేరు రాసిన బిళ్ళలు, తలుపు పిడులు. ఒక్కొక్కటీ చిన్నదే. కానీ బొంబాయి రోడ్ల మీద నల్ల పసుపు పద్మిని టాక్సీలు తిరిగినన్నాళ్ళూ ఆ సామానుకి గిరాకీ ఉండేది. 20 ఏళ్ళ గడువు నిండి చివరి టాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగింది. ఇప్పుడు ఒక లైటు అద్దం కోసం గుజిరీ కొట్లన్నీ తిరగాలి. కాబట్టి నడవకపోయినా అన్నీ ఉన్న కారు, నడుస్తూ సగం ఊడిపోయిన కారు కన్నా మేలు. ఎవరో మొదలుపెట్టి వదిలేసి, గోనెసంచుల్లో ముక్కలుగా ఇస్తామనే కారు చౌకగా వస్తుంది. ఆ సంచుల్లో ఏముందో కాదు, ఏది లేదో తెలుసుకోవడానికే నెలలు పడుతుంది. అటువంటిది నేను ఎవరికీ సలహా ఇవ్వను.

కాగితాల దగ్గర ఓపిక కావాలి. 1989కి ముందు మన రాష్ట్రంలో రిజిస్టరైన కారుకి 'ఏ'తో మొదలయ్యే మూడక్షరాల నంబరు ఉంటుంది. ఆ పాత ఆర్సీ పుస్తకంలోని వివరాలు రవాణా శాఖ కంప్యూటర్లోకి ఎక్కాయో లేదో ఆఫీసుకి వెళ్ళి కనుక్కోవాలి. చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిలు రుద్ది ముద్ర తీసుకుని పుస్తకంతో సరిచూడాలి. ఒకప్పుడు పెట్రోలు అంబాసిడర్లకి డీజిల్ ఇంజిన్లు బిగించుకోవడం మామూలు. ఆ మార్పు ఆర్సీలో ఎక్కకపోతే చిక్కే. అప్పు మీద కొన్న కారైతే బ్యాంకు పేరు పుస్తకంలో ఇంకా ఉండిపోతుంది. అది తీయించడానికి ఫారం 35, బ్యాంకు రాసిచ్చే ఎన్‌ఓసీ కావాలి. పేరు మార్పుకి 29, 30. వేరే రాష్ట్రం నుంచి తెస్తే 28. యజమాని కాలం చేసి ఉంటే ముందు వారసుడి పేరుకి మారాలి, దానికి 31. అక్కడే అసలు కథ మొదలవుతుంది. కారు చూపించేది పెద్దబ్బాయి, వాటా ఉన్నది హైదరాబాదులో చెల్లెలికీ అమెరికాలో తమ్ముడికీ. వాళ్ళ ఒప్పుకోలు చేతికి రాకుండా బయానా ఇవ్వకండి.

సొంత కారు ఆర్సీ 15 ఏళ్ళు చెల్లుతుంది, తరవాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ రుసుము 5,000 రూపాయలైంది, 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన కార్లకి 10,000 చేశారు. గ్రీన్ టాక్స్ వేరే. 50 ఏళ్ళు నిండి, అసలు రూపం చెడకుండా ఉన్న కార్లకి కేంద్రం 2021 జులైలో వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. కొత్తగా తీసుకుంటే 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, పొడిగింపు 5,000. నంబరు మధ్యలో 'వీఏ' అక్షరాలు వస్తాయి. అయితే అలా రిజిస్టరైన కారులో రోజూ ఆఫీసుకి వెళ్ళకూడదు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలుకీ, రిపేరుకీ మాత్రమే రోడ్డెక్కాలి. ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని కరకట్ట మీద తిప్పాలనుకునేవారికి మామూలు ఆర్సీయే నయం. 1982 పద్మినికి ఎలాగూ ఆ అర్హత ఇంకా రాదు.

ఇంత చూసి లెక్క వేస్తే, అమ్మితే ఆ డబ్బు తిరిగి వస్తుందా అని అడుగుతారు. మామూలు పద్మినికి రాదు. అమ్మకం కోసం కొనేవారికి నేను మొదటే వద్దంటాను. తనకోసం కొనేవారికి ఒకటే చెబుతాను. ముప్పై వేలకి వచ్చే కుళ్ళిన కారుని వదిలి, దానికి మూడు నాలుగు రెట్లు పెట్టి రేకు గట్టిగా ఉన్నది వెతుక్కోండి. తేడా డబ్బు కన్నా ఎక్కువే నా షెడ్డులో మిగులుతుంది. సొంత షెడ్డు గురించి ఈ మాట అంటున్నానని మా అబ్బాయికి కోపం. అయినా సగం రంగు వేసి, డబ్బులు చాలక మూల నిలబెట్టిన కారు చూడటం నాకు చాలా కష్టంగా ఉంటుంది. నాలుగేళ్ళు కదలని కారుకి నేను చేసిన అతుకుల మీదే మళ్ళీ తుప్పు ఎక్కుతుంది.

నాన్నగారి కారు అయితే లెక్క మారుతుంది. భీమవరం నుంచి ఒక కాలేజీ లెక్చరర్ పిలిపించారు. వాళ్ళ నాన్నగారి పద్మిని. ఆయన పోయాక ఎవరూ తాళం తిప్పలేదట. ఫ్లోరు ఒక పక్క పోయింది గానీ ఫుట్‌బోర్డులు గట్టిగా ఉన్నాయి. "కొత్తదానిలా చేసివ్వండి మేస్త్రీ గారూ, ఎంతైనా ఫరవాలేదు" అన్నారు. డ్రైవరు తలుపు మీద ఆయన మోచెయ్యి ఆనించిన చోట రంగు అరిగిపోయి లోపలి పూత కనిపిస్తోంది. "అమ్మా, కొత్త రంగు వేస్తే ఇది పోతుంది. బ్రేకులు, వైర్లు, ఫ్లోరు చేయించుకోండి. రంగు జోలికి వెళ్ళొద్దు" అన్నాను. చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. ఖర్చు సగానికి తగ్గింది. రంగు మీద మరక కనిపించగానే గీకించాలనుకునేవాళ్ళు ఈ దారి కూడా ఉందని తెలుసుకోవాలి. అసలు రంగు ఒక్కసారే ఉంటుంది.

కొనడం ఖాయమయ్యాక తొందరపడి అక్కడే స్టార్టు చేయించకండి. ట్యాంకులో పాత పెట్రోలు జిగురైపోయి ఉంటుంది, దాన్ని లాగిస్తే కార్బొరేటరు దారులన్నీ పూడుకుపోతాయి. ఎలకలు కొరికిన వైర్లకి బ్యాటరీ తగిలిస్తే నిప్పు అంటుకోవచ్చు. బ్రేకులు పట్టేసి ఉంటాయి, లేదా అసలు ఉండవు. అందుకని తాడు కట్టి రోడ్డు మీద లాక్కురావద్దు, చిన్న లారీ మాట్లాడండి. టైర్లలో గాలి నిలబడకపోతే వేరే చక్రాలు తెచ్చి బిగించి తోయించండి. కదిలించే ముందు నాలుగు వైపులా, బానెట్టు కింద, డాష్‌బోర్డు కింద ఫొటోలు తీసుకోండి. ఏ వైరు ఎక్కడ ఉందో తరవాత మెకానిక్కుకి అవే చెబుతాయి. కారు ఉన్న చోటంతా వెతికి, ఊడిపడ్డ బిళ్ళలూ మూతలూ ఏరుకోండి. 29, 30 ఫారాల మీద సంతకాలు, అసలు ఆర్సీ, ఉంటే రెండో తాళం కూడా చేతికి తీసుకున్నాకే లారీ తలుపు వేయించండి.